పోటుకీ పాటుకీ మధ్య

ముందు వాసన వస్తుంది.

మడచెట్ల కింద బురదలో కుళ్లిన ఆకు వాసన. ఉప్పు వాసన. ఎక్కడో పైనుంచి కాలువలు మోసుకొచ్చిన తీపి నీటి వాసన. ఒకదాంట్లో ఒకటి కలిసీ, కలవకుండా —

తర్వాత చప్పుడు ఆగుతుంది. గట్టు రాళ్లను నాకుతున్న అల నాకడం మానేస్తుంది.

ఏరు నిలబడింది.

గౌతమికి అలాంటి వేళ ఒకటుంది. సముద్రం పైకి తోసే నీరు పోటు. సముద్రం వెనక్కి లాక్కునే నీరు పాటు. పోటు ఇక చాలనుకున్నాక, పాటు ఇంకా మొదలవక ముందు, కాసేపు ఏరు ఎటూ పోదు. కొంగకి కూడా ఆ సంగతి తెలుసు. ఒంటికాలి మీద అలా ఉండిపోతుంది.

ఏటి నడుమ గుర్రపుడెక్క దుబ్బు ఒకటి. ఏ కాలువలో పుట్టిందో, ఏ లాకు దాటి వచ్చిందో. ఊదారంగు పువ్వొకటి నెత్తిన పెట్టుకుని ఆగిపోయింది. కిందికి పోతే ఉప్పు. ఉప్పు తగిలితే చస్తుంది. పైకి పోవడం దాని చేతుల్లో లేదు.

పల్లంరాజు గట్టు మీద గొంతుక్కూచుని దాన్నే చూస్తున్నాడు.

రేపు ఆదివారం.

రేపు ఇంకాస్త పొద్దెక్కాక ఏరు మళ్లీ ఇలాగే నిలబడుతుంది. ఆ వేళకి అతను రెండు చోట్ల ఉండాలి. రెండూ ఈ నీళ్లలోనే. ఒకచోట కేకేస్తే ఇంకోచోట వినపడుతుంది.

ఒకచోట చంద్రరావు అయ్యగారు అతనికి బాప్తిస్మం ఇస్తారు.

ఇంకోచోట అన్న బంగార్రాజు పడవ, వేట నిషేధం ముగిశాక మొదటిసారి సముద్రానికి కదులుతుంది. కదిలే ముందు పడవ ముందుకొన మీద గంగమ్మ తల్లికి సాక పొయ్యాలి. ఆ ఇంట్లో సాక పోసేది చిన్న కొడుకు. పెద్దవాడు చుక్కాని పడతాడు, చిన్నవాడు సాక పోస్తాడు. తాతల నాటి నుంచీ అంతే.

చిన్న కొడుకు పల్లంరాజు.

సాకంటే మందు. సీసా వంచి ధారగా పోస్తారు. చివర్లో ఒక్క మూతెడు మిగల్చాలి. ఆ మూతెడూ పోసినవాడు నోట్లో వేసుకోవాలి. వేసుకుంటేనే పోసినట్టు. లేకపోతే అమ్మవారికి వట్టి చెయ్యి చూపించినట్టని వాళ్ల నమ్మకం.

ఒక్క మూతెడు...

అతని బతుకంతా ఆ మూతలో ఉంది.

*

నాన్న వేటకి వెళ్లాడు. పడవ తిరిగొచ్చింది. వలలు తిరిగొచ్చాయి. నాన్న రాలేదు.

మరుసటేడు సాక పొయ్యడానికి పల్లంరాజుని ముందుకొన మీద నిలబెట్టారు. అప్పటికింకా గొంతు మారలేదు. మీసం లేదు. సీసా రెండు చేతులా పట్టుకున్నాడు. మూతలోది గొంతులో పోసుకున్నాడు.

మంట.

మంట వెనకాల ఏదో వెచ్చగా పాకింది. నాన్న వీపు మీద బోర్లా పడుకున్నప్పటి వెచ్చన.

"అయిపోయాడ్రా మగాడు" అన్నారు పడవలోవాళ్లు. నవ్వారు. వీపు తట్టారు.

మొదటి చుక్క ప్రసాదం.

రెండో చుక్క ఎవరూ పెట్టలేదు. తనే ఏరు దాటి వెతుక్కున్నాడు.

ఏరు దాటితే యానాం. అక్కడ మందు చవక. తాగడానికి ఏరే దారి. తాగి రావడానికీ ఏరే దారి. నావకి తోవ తెలుసు, నీటికి నావ తెలుసు. మధ్యలో కూచున్న మనిషికే ఏమీ తెలిసేది కాదు.

బడి పోయింది. కాకినాడ హార్బర్‌లో ఐసు మోసే పని దొరికింది. అదీ పోయింది. పెళ్లి చేస్తే దార్లో పడతాడన్నారు. వీరవేణి వచ్చింది. దారి మాత్రం యానాం వైపే ఉండిపోయింది.

వీరవేణి చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. సాయంత్రం వచ్చి, గంప దించి, ముందు అతని దగ్గరికి వచ్చేది. "నోరు తెరువు" అనేది. చేప తాజాదో కాదో మొప్ప ఎత్తి చూసినట్టు, ముక్కు దగ్గర పెట్టి వాసన చూసేది. ఏమీ అనేది కాదు. పొయ్యి దగ్గరికి పోయేది.

ఏమీ అనకపోవడమే దెబ్బ.

ఒక వానాకాలం నాన్న చేత్తో అల్లిన వల తీసుకెళ్లి మందుకి ఇచ్చేశాడు. అవతలివాడికి కూడా చేతులు రాలేదు తీసుకోడానికి. "పల్లంరాజా, ఇది మీ నాన్నది గదరా" అన్నాడు. అంటూనే తీసుకున్నాడు.

ఇంట్లో ఆ వల తగిలించే మేకు గోడకి అలాగే ఉంది. తల్లి లోవలక్ష్మి ఆ మేకుకి ఇంకేదీ తగిలించనివ్వదు. చొక్కా తగిలిస్తే తీసేస్తుంది. సంచీ తగిలిస్తే తీసేస్తుంది. ఖాళీ మేకు.

పొద్దున్న లేస్తే ముందు అదే కనిపిస్తుంది అతనికి.

*

కిందటేడు, ఒక ఆదివారం తెల్లవారుజాము...

యానాం రేవు మెట్ల మీద పడి నిద్రపోయిన మనిషి, తూరుపు తెల్లబడుతుంటే లేచాడు. నావ తోసుకుని బయల్దేరాడు. నడి ఏట్లో లేచి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఇప్పటికీ తెలీదు. నావ ఒరిగింది.

పడ్డాడు.

ఈత రానివాడు కాదు. నడక కంటే ముందు ఈత వచ్చింది. కానీ ఆ పొద్దున చేతులు తనవి కావు. కాళ్లు ఇంకెవరివో. వెల్లకిలా తేలాడు. ముఖం ఆకాశానికి. ఏట్లో వెల్లకిలా పడుకునేది శవమొక్కటే — జాలరి ఇంట్లో పుట్టినవాడికి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు.

అప్పుడు ఏరు నిలబడింది.

పాటు మీద ఉంటే సముద్రానికి పోయేవాడు. నాన్న దగ్గరికి. కానీ ఏరు నిలబడింది. వీపు కింద మెత్తగా ఏదో తగిలింది. పెద్ద దుబ్బు. గుర్రపుడెక్క. దాని వేళ్లు చొక్కాలోకి దూరి చిక్కుకున్నాయి, తడి జుట్టు చిక్కుకున్నట్టు. ఉయ్యాలలా మోసింది.

అప్పుడే పాట వినపడింది.

గట్టు మీద రేకుల షెడ్డులో తెల్లవారుజాము ప్రార్థన. ఆ రోజు కరెంటు లేదు. మైకు లేదు. ఉత్త గొంతులు, ఒక కంజీరా. మాటలు తెలీలేదు. నీటి మీద పాట వస్తే మాటలు మునిగిపోతాయి. రాగమే తేలుతుంది.

రాగం ఎటుందో అటు కాళ్లు ఆడించాడు.

పాట లేకపోతే గట్టు ఏ దిక్కో తెలీదు.

దుబ్బు లేకపోతే దిక్కుతో పనే లేదు.

చంద్రరావు అయ్యగారు గుండె లోతు దాకా నీళ్లలోకి వచ్చి అతని చెయ్యి అందుకున్నారు. ఆయనకి ఈత రాదు. నిడదవోలు రైల్వే క్వార్టర్లలో పెరిగిన మనిషి. గోదారిని రైలు కిటికీలోంచి చూడటమే ఎరుగుదురు. బురదలో కాళ్లు కూరుకుపోతుంటే, ఒళ్లంతా వణుకుతుంటే, వచ్చారు. అతన్ని లాగి, తల మీద చెయ్యి పెట్టి ఏదో అన్నారు. ఏమన్నారో వినలేదు పల్లంరాజు. చెయ్యి వణకడం మటుకు తెలిసింది.

వణికే చెయ్యి. తన చెయ్యీ అలాగే వణుకుతుంది, పొద్దున్నే మందు పడకపోతే.

ఆ షెడ్డులోనే పడుకున్నాడు. మందు పడని ఒంటి మీద చీమలు పాకాయి — చీమలు లేవు. గోడ మీంచి నీళ్లు కారాయి — నీళ్లు లేవు. అయ్యగారి భార్య గంజి పోసింది. కక్కాడు. మళ్లీ పోసింది. పొద్దున్నా సాయంత్రం ఆడవాళ్లు వచ్చి పాడి వెళ్లేవాళ్లు. ఒక పొద్దున ఆ పాటలో మాటలు వినపడ్డాయి. అంతే. ఆ మాటలు వింటూ ఏడ్చాడు. ఎందుకో తెలీదు.

అప్పట్నుంచీ ముట్టలేదు.

సాయంత్రం వీరవేణి వస్తుంది. గంప దించుతుంది. "నోరు తెరువు" అంటుంది. వాసన చూస్తుంది. ఇప్పుడు కూడా ఏమీ అనదు. కానీ పొయ్యి దగ్గరికి పోతూ పోతూ గాజులు పైకి తోసుకుంటుంది. ఆ గాజుల చప్పుడు వేరు.

*

"పాట పాడించింది ఎవరు తమ్ముడూ?" అంటారు అయ్యగారు. నవ్వుతారు.

"దుబ్బుని నీ వీపు కింద పెట్టిందెవర్రా?" అంటుంది తల్లి. నవ్వదు.

ఒకరు చెప్తుంటే అదే నిజం అనిపిస్తుంది. ఇంకొకరు చెప్తుంటే అదీ నిజం అనిపిస్తుంది. షెడ్డులో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కళ్లు మూసుకుంటే యేసయ్య కనపడడు. నీళ్లు కనపడతాయి. నీళ్లలో నిలబడి చెయ్యి చాపినవాడెవడో కనపడతాడు. ముఖం తెలీదు. చెయ్యి తెలుసు. ఆ చేతిని నమ్ముతాడు. ఒళ్లంతా నమ్ముతుంది.

కానీ నీళ్లు? ఆ నీళ్లు ఎవరివి?

పుట్టినప్పుడు బొడ్డు కోసి ముంచిన నీళ్లు. నాన్నని తీసుకున్న నీళ్లు. తనని తిరిగిచ్చిన నీళ్లు.

అయ్యగారు చెప్పారు. మునిగేవాడు పాతవాడు, లేచేవాడు కొత్తవాడు అని. అది విన్న రోజు అతనికి ఆశ పుట్టింది. ఎందుకంటే అతనికి మట్టగిడస సంగతి తెలుసు. చెరువు ఎండిపోతుంది, నేల నెర్రెలిస్తుంది, అందరూ చేప చచ్చిందనుకుంటారు. అది బురద కింద పడుకుని ఉంటుంది. ఊపిరి బిగబట్టుకుని. మొదటి వాన పడిందా — లేస్తుంది.

అతని దాహం చావలేదు. పడుకుంది.

అన్న సీసా మూత తీసిన చప్పుడుకి, వాసన కూడా రాకముందే, లోపల తోక ఆడిస్తుంది.

ఏట్లో మునిగితే అది చస్తుంది. పాతవాడితో పాటు పోతుంది. పల్లంరాజుకి కావలసింది అదొక్కటే. దాని కోసమే రేపు.

అయితే కొత్తవాడికి గంగమ్మ ఏమవుతుంది?

ఆ సంగతి ఎవర్నడగాలో తెలీదు.

*

శనివారం మధ్యాహ్నం రేవులో వలలు సర్దుతున్నారు. అచ్చిబాబు పడవ ఇంజను చూసేవాడు. నోటి దురుసు. అతను కదపకుండా ఉంటాడా?

"ఏటి రాజుగారూ, రేపట్నుంచి మిమ్మల్ని ఏవని పిలవాలండి? జాన్ గారనా, పాల్ గారనా?"

"పల్లంరాజనే పిలు."

"అమ్మయ్య. నోరు తిరగదేమో అని భయపడి చచ్చేను."

అందరూ నవ్వారు. పల్లంరాజు కూడా నవ్వాడు. బంగార్రాజు నవ్వలేదు. పెద్దవాడు. తండ్రి పోయినప్పట్నుంచీ నవ్వడం తగ్గించిన మనిషి. వల కన్ను ఒకటి చిరిగితే దాన్ని వేళ్లతో సాగదీసి చూస్తూ అన్నాడు.

"ముందు సాక పొయ్యి. ఆనక ఏట్లో ఎన్ని మునకలైనా ఎయ్యి. నేనొద్దన్నానా?"

"పోస్తాను అన్నయ్యా. పొయ్యడానికేం. మూతే..."

"ఒక్క మూతరా."

"ఒక్క మూతతోనే గదా మొదలెట్టేను."

బంగార్రాజు వేళ్లు ఆగాయి. ఆ రోజు మూత నింపి అందించింది అతనే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ వల వైపే చూశారు.

పెద్దవాడు చిరిగిన కన్ను వదిలేసి అన్నాడు. "నువ్వు పొయ్యకపోతే పడవ కదలదు. నేను కదుపుదామన్నా ఈళ్ల ఇళ్లల్లో ఆడోళ్లు పంపరు. నాన్న తిరిగిరాని సంగతి అందరికీ తెలుసు గదా. నువ్వు ఎక్కొద్దని నేనన్ను. నీ చోటు నీదే. ఉంచుకుంటావో ఒదులుకుంటావో నువ్వు చూసుకో."

తిట్టి ఉంటే బాగుండేది.

సాయంత్రం తల్లి చేపలు తోముతోంది. బూడిద, గరుకు రాయి, తలలు ఒకవైపు. పల్లంరాజు గుమ్మంలో కూచున్నాడు. తల ఎత్తకుండానే అంది.

"ఒరే. అమ్మోరు అడిగింది ఒక్క మూత. సీసా అడిగింది నువ్వు. ఆవిడ మీద తొయ్యకు."

"తొయ్యట్లేదే."

"మరి?"

"భయమేస్తోందే."

చేప పొలుసు ఒకటి ఎగిరి ఆమె చెంప మీద అంటుకుంది. మెరిసింది. తుడుచుకోలేదు.

"ఎవరి పేరు చెప్పుకునైనా నిలబడరా. నిలబడితే చాలు. ఆవిడతో నేను చెప్పుకుంటాను."

"ఆవిడకి కోపమొస్తేనో?"

"వస్తే నా మీద చూపించుకుంటది. నలభయ్యేళ్లుగా ఎరుగుదుం ఒకళ్లనొకళ్లం."

అతనికి ధైర్యం రావాలి ఆ మాటకి. రాలేదు. తన తల్లి ఎవరితోనో తనకోసం మాట్లాడుతుందట. అయ్యగారూ అలాగే అంటారు — ఆయన కూడా ఎవరితోనో తనకోసం మాట్లాడతారు. ఇంతమంది ఇన్ని చోట్ల తనకోసం మాట్లాడుతుంటే, తనేం మాట్లాడాలి? ఎవరితో?

గోడకి మేకు. ఖాళీగా.

*

ఆదివారం.

ముందు వాసన వచ్చింది. మడ బురద. ఉప్పు. తీపి నీరు.

తెల్లబట్టలు కొత్తవి, గంజి వాసన ఇంకా పోలేదు. షెడ్డు మెట్ల దగ్గర విశ్వాసులంతా నిలబడ్డారు. పాట మొదలైంది. మునగవలసినవాళ్లలో ఒక ముసలమ్మ ఉంది, ఇద్దరు ఆడపిల్లలు ఉన్నారు, పల్లంరాజు ఉన్నాడు. అయ్యగారు ముందే నడుం లోతు నీళ్లలో ఉన్నారు. పంచె ఉబ్బి గుండ్రంగా తేలుతోంది. ముఖం మీద ధైర్యం, కాళ్లలో వణుకు. నీరు చూసేవాడికి అది తెలుస్తుంది. ఆయన చుట్టూ చిన్న చిన్న వలయాలు పుడుతున్నాయి.

నాలుగు బారల అవతల రేవులో పడవ. ముందుకొనకి పసుపు, కుంకుమ, బంతిపూలు. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. అన్న చేతిలో సీసా. అతను ఇటు చూడలేదు. చూడకుండా ఉండటానికి కష్టపడుతున్నాడు.

ఏరు నిలబడబోతోంది. ఇద్దరికీ అదే వేళ కావాలి.

"ముందు నువ్వు రా తమ్ముడూ" అన్నారు అయ్యగారు.

పల్లంరాజు మెట్టు దిగాడు.

దిగుతూ వంగాడు. కుడిచేత్తో నీళ్లు తాకాడు. ఆ చెయ్యి కళ్లకద్దుకున్నాడు, నెత్తిన పెట్టుకున్నాడు.

పాట ఆగింది.

అప్పుడు గాని అతనికి తెలీలేదు తను ఏం చేశాడో.

ఊహ తెలిసినప్పట్నుంచీ అంతే. నీళ్లలో కాలు పెట్టే ముందు నీళ్లకి దణ్ణం పెట్టాలి. పెట్టకుండా దిగినవాణ్ణి నీరు గుర్తుపెట్టుకుంటుంది. తాగి ఒళ్లు తెలీని రోజుల్లో కూడా ఆ చెయ్యి మరచిపోలేదు. ఇవాళ మరచిపోవలసింది. ఇవాళే... మరచిపోలేదు.

మెట్ల మీద ఎవరో గొణిగారు. ఎవరో 'ఇస్' అన్నారు. వీరవేణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అయ్యగారు దగ్గరికి వచ్చారు. కోపం లేదు ముఖంలో. గొంతు తగ్గించి అడిగారు.

"ఎవరికి తమ్ముడూ ఆ దణ్ణం?"

"తెలీదండి."

"మనసులో ఏమనుకున్నావు?"

"ఏమీ అనుకోలేదండి. చెయ్యే పోయింది."

"యేసయ్యకని చెప్తే నమ్మేవాణ్ణి గదా."

"చెప్పలేకపోయానండి."

ఆయన కాలు బురదలో జారింది. పల్లంరాజు భుజం పట్టుకున్నారు. వణుకు ఆ చేతిలోంచి ఈ భుజంలోకి వచ్చింది.

"ఏం చెయ్యాలో నాకూ తోచట్లేదు" అన్నారు. "కాసేపు ఇక్కడే నిలబడు. ముందు ముసలమ్మకి ఇస్తాను."

నిలబడ్డాడు.

నడుం లోతు నీళ్లలో. ఇటు మెట్లు, అటు పడవ. ముసలమ్మ మునిగింది. లేచింది. తెల్లజుట్టు ముఖం మీద పరుచుకుంటే పసిపిల్లలా నవ్వింది. అంత తేలిగ్గా ఎలా నవ్వింది? ఆడపిల్లలు మునిగారు. లేచారు. ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. పాట మళ్లీ ఎత్తుకున్నారు.

అతను నిలబడే ఉన్నాడు.

"పాటు మొదలైపోద్దండి" — అచ్చిబాబు గొంతు. ఈసారి వేళాకోళం లేదు అందులో.

పడవ కదిలింది. ఇంజను వెయ్యలేదు. బంగార్రాజు గెడ వేసి, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా నెట్టుకొచ్చాడు. అతని దగ్గరికే. పసుపు పూసిన ముందుకొన వచ్చి తమ్ముడి గుండెకి ఆనీ ఆనకుండా ఆగింది. మూగజీవం మూతి పెట్టినట్టు.

అన్న వంగి సీసా అందించాడు. మూత తీసి ఉంది. మూత కూడా ఇచ్చాడు, ఎడమచేతిలోకి.

కళ్లలోకి చూశాడు, అంతే. ఆ కళ్లలో బతిమాలడం ఉంది. పల్లంరాజు అన్న కళ్లలో అది ఎప్పుడూ చూడలేదు.

వాసన.

లోపల బురద కింద తోక ఆడింది. నోట్లో నీరూరింది. ఒక్క మూతెడు. అందరూ చూస్తుండగా. అన్న కోసం. అమ్మవారి కోసం. నాన్న కోసం. ఎంత మంచి సాకులు. తాగుబోతుకి ఇంతకంటే మంచి సాకు ఈ లోకంలో ఎవరిస్తారు?

సీసా వంచాడు.

ధార పసుపు మీద పడింది. కుంకుమ కరిగింది. ఎర్రగా కారి ఏట్లోకి జారింది. 'తల్లీ' అన్నాడు. 'తండ్రీ' అన్నాడు. రెండూ అన్నాడు. పైకే అన్నాడు. ఇటువాళ్లూ విన్నారు, అటువాళ్లూ విన్నారు.

ఆపవలసిన చోట ఆపలేదు. మూతెడు మిగల్చవలసిన చోట మిగల్చలేదు. సీసా వంచే ఉంచాడు. చివరి చుక్క దాకా.

ఖాళీ సీసా. ఎడమచేతిలో ఖాళీ మూత.

పడవలో ఎవరూ కదల్లేదు. మెట్ల మీద ఎవరూ కదల్లేదు.

"ఇది పోసినట్టా, పొయ్యనట్టా?" అన్నాడు అచ్చిబాబు.

చెప్పగలిగినవాళ్లు ఎవరూ ఆ నీళ్లలో లేరు. బంగార్రాజు ఖాళీ మూత వైపు చూస్తున్నాడు. అయ్యగారు ఎర్రగా కారిన నీళ్ల వైపు చూస్తున్నారు. గట్టు మీద తల్లి ఆకాశం వైపో, ఏటి వైపో, రెండింటి నడుమ ఎక్కడో చూస్తూ పెదవులు కదుపుతోంది.

అప్పుడు ఏరు నిలబడింది.

పల్లంరాజు కళ్లు మూసుకున్నాడు. వెనక్కి వాలాడు. వెల్లకిలా. జాలరి ఎప్పుడూ మునగని తీరుగా.

నీళ్లు చెవుల్లోకి వచ్చాయి. పాట మాటలు మునిగిపోయాయి. రాగం మిగిలింది. అదీ దూరమైంది.

తల మీద ఒక చెయ్యి పడింది.

అయ్యగారిదే అయుండాలి. పడవలోంచి వంగిన అన్నదైనా కావచ్చు. చెయ్యే కాదేమో. నీళ్లలో జుట్టుకి ఏదైనా తగలొచ్చు. ఏ దుబ్బు వేరో...

వణుకుతోందా, లేదా? చూద్దామనుకున్నాడు. తెలీలేదు. తనే వణుకుతున్నాడు.

ఒక గుక్క నోట్లోకి పోయింది. ఉప్పు. తీపి. ఇంకేదో చేదు, చాలా పల్చగా... ఏటి నీళ్లు ఎప్పుడూ ఇలాగే ఉంటాయా? ఇన్నేళ్లు ఈ నీళ్లలో బతికి ఒక్కసారీ రుచి చూడలేదు.

లేచాడు.

వెలుతురు. అందరి ముఖాలూ ఉన్నాయి. ఎవరి చెయ్యీ అతని మీద లేదు. అందరి చేతులూ తడిగా ఉన్నాయి.

లోపల బురద కింద వెతికాడు. తోక ఆడలేదు. చచ్చిందా? ఊపిరి బిగబట్టుకుందా?

వీరవేణి నీళ్లలోకి దిగింది. చీర తడుస్తోంది. వచ్చి ఎదురుగా నిలబడింది.

"నోరు తెరువు."

తెరిచాడు.

ఆమె ముక్కు దగ్గరికి తెచ్చింది. వాసన చూసింది. మళ్లీ చూసింది. వంగి ఏటి వాసన చూసింది. తన కొంగు వాసన చూసుకుంది. అన్నీ ఒకటే వాసన, సాక పోసిన ఏటి వాసన. ఆమె ముఖంలోకి చూశాడు — ఏమైనా అంటుందేమోనని. తనకంటే ఆమెకే తెలుస్తుందేమోనని.

ఏమీ అనలేదు. గాజులు నీళ్లలో ఉన్నాయి. చప్పుడు లేదు.

పల్లంరాజు కుడిచెయ్యి పడవ అంచు మీద ఉంది. ఎప్పుడు వేశాడో. కాళ్లు బురదలో ఉన్నాయి, మెట్ల వైపు. అయ్యగారు ఏదో అనబోయి ఆగారు. అన్న గెడ ఎత్తబోయి ఆగాడు. ఇంజను మీద అచ్చిబాబు చెయ్యి ఆగింది.

నడి ఏట్లో గుర్రపుడెక్క దుబ్బు. నిన్నటిదో, ఇంకోటో. ఊదారంగు పువ్వొకటి నెత్తిన పెట్టుకుని.

మడ బురద వాసన. ఉప్పు వాసన. తీపి నీటి వాసన. ఇంకొకటి కూడా —

కొంగ ఒంటికాలి మీదే ఉంది.

పువ్వు కదిలిందా... గాలికా, నీటికా...